నిప్పున్న కొస

"చుట్ట నాదే. డబ్బా నాదే. అందులో పొడీ నాను సేసిందే. దాంట్లో కలిపిన ఎలకలమందు మాత్రం నాది కాదు."

ఆ మాట చెప్పేసి గురువమ్మ వలల పాక గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కనే లేడీ కానిస్టేబుల్ నిలబడి ఉంది. చాతం నుంచి ఫెర్రీ బాంబూఫ్లాట్ జెట్టీకి రాగానే ముసలమ్మని ఎక్కించి పోర్ట్ బ్లెయిర్ తీసుకుపోతారు. అరెస్టు కాగితాలు అక్కడ తయారుగా ఉన్నాయి. డిటెక్టివ్ అబిగేలు చేతిలో ఉన్నది ఆ ఫెర్రీ వచ్చేదాకా దొరికే కాస్త టైమే.

జరిగింది ఇదీ. నిన్న పొద్దున్న బోటు యజమాని బంగారురాజు ఈ పాకలోనే వాంతి చేసుకుని పడిపోయాడు. మేనల్లుడు శివాజీ చూసి కేకలు పెట్టాడు. మామని తనే భుజాన వేసుకుని ఫెర్రీ ఎక్కించి ఆసుపత్రిలో చేర్చాడు. బంగారురాజుకి ఇప్పటిదాకా స్పృహ రాలేదు. అతను పడ్డచోట గురువమ్మ పళ్ళపొడి డబ్బా దొరికింది. మూత తీస్తే పైపైన ఎలకలమందు. డబ్బా పక్కన సగం కాలిన చుట్ట. అంతకు ముందురోజు సాయంత్రం ఆవిడా అతనూ అరుచుకోవడం చుట్టుపక్కల ఇళ్ళన్నీ విన్నాయి.

"ఇంకేం కావాలి అబిగేలు దీదీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మణికుమార్. "ముసలమ్మ, ముసలమ్మ పొడి, ముసలమ్మ చుట్ట. కేస్ ఖతమ్. నువ్వు ఇంటికెళ్ళి కొత్త పెళ్ళికూతురిలా వంట చేసుకో."

"మా ఇంట్లో వంట టైటస్ చేస్తాడు భయ్యా. ఇవాళ రొయ్యల వేపుడు. దానికోసమైనా తొందరగా తేల్చేస్తా." అబిగేలు నవ్వింది. "ముందు నువ్వు ఆ లవంగం ఉమ్మి మాట్లాడు. కుడి దవడ బన్నులా పొంగింది."

మణికుమార్ చెయ్యి గబుక్కున చెంప మీదికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ హాడోలో ఒకే బళ్ళో చదివారు. బడికి పళ్ళ డాక్టరు వచ్చిన రోజు మరుగుదొడ్డిలో గడియ వేసుకుని కూర్చున్న మణికుమార్ ఇతనే. మీసం వచ్చింది, నక్షత్రాలు వచ్చాయి, ఆ భయం మాత్రం పోలేదు.

అబిగేలు జేబులో ఫోను బుర్రుమంది. టైటస్ పంపిన ఫొటో. తెరవకుండానే ఆమె మొహం వెలిగింది. పెళ్ళయి రెండు నెలలు. మిగతా మొగుళ్ళు పువ్వులు పంపుతారు, సూర్యోదయాలు పంపుతారు. డాక్టర్ టైటస్ తను బాగుచేసిన పళ్ళ ఫొటోలు పంపుతాడు. మనిషి మొహం ఉండదు, పేరు ఉండదు, పెదాలూ పళ్ళూ అంతే. ముందు ఒకటి, తర్వాత ఒకటి. మొదటి వారం ఎవరిదో దవడ పన్ను పక్కన ఎర్ర హృదయం బొమ్మ పెట్టి పంపితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఇప్పుడు ఆ ఫొటో రాని పొద్దు పొద్దులా ఉండదు. పని అయ్యాక తీరిగ్గా చూసుకుందామని ఫోను లోపల పెట్టేసింది.

"మామ్మా," అని గురువమ్మ పక్కన చతికిలబడింది. "మొన్న సాయంత్రం గొడవ దేనికి?"

"దేనికేటి? జొరానికి."

"జ్వరానికా?"

"నెల్లాళ్ళయిందే గుంటా. సాయంత్రం అయితే సాలు ఒళ్ళు కాలిపోద్ది. రేత్రి సెమటలు. మనిసి ఎండుసేపలాగ అయిపోనాడు. నాలుగడుగులేస్తే రొప్పు. డాక్టరు కాడికెల్లరా అంటే, పన్ను పీకించుకున్నాను కదా, మాత్రలు మింగుతున్నాను కదా, అదే తగ్గిపోద్ది అంటాడు. నాకు తిక్కరేగింది. సచ్చిపోతావురా అని అరిసినాను."

"విన్నావా?" మణికుమార్ వేలెత్తాడు. "చచ్చిపోతావన్నదట!"

"మా ఆయన కూడా నిన్ను చూస్తే అదే అంటాడు భయ్యా. షుగరు పెట్టుకుని చిగుళ్ళలో చీము పెంచుకుంటే ఆ షుగరు దిగదు, ఈ వాపు తగ్గదు, ఒకదాన్నొకటి పైకి లాగుతాయి అని." ఆమె మళ్ళీ ముసలమ్మ వైపు తిరిగింది. "బోటు సంగతేమిటి? నీకు రాసిస్తానన్నాడట?"

గురువమ్మ కళ్ళు మెత్తబడ్డాయి. "గంగమ్మ పండగనాడు అందరి ముందూ అనీసినాడు. మా ముసలోడు అప్పలరాముడూ ఈడూ కలిసి కట్టుకున్న బోటది. ఆడు సముద్రంలో పోయినప్పుడు పక్కనున్నది ఈడే. నా పేరు మీద ఉన్నా అది నీదే అప్పా, నాను పోయేలోగా నీకిచ్చేస్తాను అన్నాడు. బోటు పెట్టి నానేటి సేసుకుంటానురా అన్నాను. శివాజీగాడు కూడా అక్కడే ఉన్నాడు, పాపం సప్పట్లు కొట్టినాడు."

అబిగేలు లేచి పాకలోకి నడిచింది.

లోపల ఉప్పుగాలి, తారు, పాత నైలాను వాసన. బోసిగా ఉన్న ఒక మూల చాప పరిచి ఉంది. బంగారురాజు పడింది అక్కడే. గోడకి కొత్తగా బాగుచేసిన వల వేలాడుతోంది. ఆమె ముడులు చూసింది. దారం కొసలు కత్తితో కోసినట్టు నున్నగా లేవు, నలిగి చదునుగా ఉన్నాయి. పళ్ళతో కొరికినవి.

"మణి భయ్యా, నిన్న తీసిన ఫొటో చూపించు. ఆయన పడి ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు తీసి నీకు పంపినది."

మణికుమార్ గొణుక్కుంటూ ఫోను ఇచ్చాడు. బంగారురాజు వెల్లకిలా ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుంది. అబిగేలు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది.

"ఈ పొడి రంగేమిటి?"

"నలుపు."

"ఊక కాల్చిన బొగ్గు, ఉప్పు, లవంగం. చిన్నప్పుడు మా క్వార్టర్స్ లైన్లో అందరం దీంతోనే తోమేవాళ్ళం. తోమాక పది పుక్కిళ్ళు పట్టినా చిగురు అంచున నల్లగీత మధ్యాహ్నం దాకా పోయేది కాదు. ప్రార్థనకి వెళ్తే పాటపాడే పిల్లలందరి నోళ్ళూ నల్లగా ఉన్నాయని పాస్టరుగారు నవ్వేవారు. ఇప్పుడు ఈయన పళ్ళు చూడు. గీత లేదు. నిన్న పొద్దున్న ఈ పొడి ఆయన నోట్లోకి వెళ్ళనే లేదు."

"నెల్లాళ్ళయి పేస్టుతోనే తోముకుంటన్నాడు," గుమ్మంలోంచి గురువమ్మ అరిచింది. "పొడి సిగుళ్ళు గీసేస్తాదని పళ్ళ డాక్టరు సెప్పినాడంట. నాకెంత కోపమొచ్చిందో!"

 మణికుమార్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "సరే. పొడి పక్కన పెట్టు. ఇదేం చేస్తావు? ఈ చుట్ట ఆకు చుట్టేది ఈ చుట్టుపక్కల ఆవిడొక్కతే. ముసలమ్మ ఇక్కడికి వచ్చింది, కూర్చుంది, చుట్ట కాల్చింది, డబ్బా పెట్టి పోయింది. పంటి గాట్లు కూడా ఉన్నాయి. ఇవెవరివో ల్యాబ్ తేల్చేస్తుందని నిన్న అందరి ముందూ చెప్పాను."

కవరులోని చుట్టని అబిగేలు వెలుతురుకి పెట్టి చూసింది. ఒక కొస కాలి బూడిదై ఉంది, పొడిగా. రెండో కొసన పళ్ళతో గట్టిగా పట్టిన గాటు. ఆకు మీద ముందుపళ్ళ గుర్తులు వరసగా దిగాయి. అందులో ఒక పంటి గుర్తు నడుమ సన్నటి గీతంత ఆకు నలగకుండా లేచి నిలబడింది.

ఆమె మనసు ఒక్కసారి ఎక్కడికో వెళ్ళిపోయింది. హాడో క్వార్టర్స్ వెనక నీళ్ళ ట్యాంకు. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచీరతోనే దాని చాటుకి వెళ్ళే నానమ్మ పుష్పవతి. "పాస్టరుగారొస్తే దగ్గు" అని కాపలా పెట్టిన మనవరాలు. చీర కొంగు చాటున ఎర్రటి నిప్పు మాయమయ్యే ఆ చిత్రం చూడ్డానికి ఆ మనవరాలు ఎన్ని అబద్ధపు దగ్గులు దగ్గేదో.

"మామ్మా, ఒక చుట్ట వెలిగించు."

"ఏటీ?" గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోలీసుబాబు ముందా? సిగ్గులేదేటి నీకు?"

"రేపు జైల్లో అందరి ముందూ వెలిగించాలి. ఇవాళ ఒక్కడి ముందు వెలిగించు."

ముసలమ్మ గొణుగుతూనే రొంటిలోంచి చుట్ట తీసింది, అగ్గిపుల్ల గీసింది. రెండు దమ్ములు లాగి చుట్ట అంటుకోగానే మెల్లిగా తిప్పింది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది. కాలని కొస మాత్రం బయట ముక్కులా నిలబడింది. ఆవిడ బుగ్గలు లోపలికి పోయాయి, పెదాల సందున పొగ సన్నగా జారింది.

మణికుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అరే! లోపల నిప్పుంది!"

"మరెక్కడుంటాది బాబూ?" గురువమ్మ నోరు తెరవకుండానే అంది.

"అడ్డచుట్ట అంటారు భయ్యా. ఆ పక్క సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ముసలమ్మలు ఇలాగే కాలుస్తారు. గాలికి ఆరదు, నిప్పురవ్వ వల మీద పడదు. ఇక ఇవ్వు మామ్మా." ఆరిన ముక్కని అబిగేలు అరచేతిలో పెట్టి చూపించింది. "కాలిన కొస చూడు, ఎంగిలితో తడిసి ముద్దయింది. బయటి కొస చుట్టినట్టే ఉంది, ఒక్క గాటు లేదు. ఇక ఆవిడ నోరు చూడు."

గురువమ్మ కొంగు తీసి నోరు తెరిచింది. ముందు పళ్ళ వరసలో పైనా కిందా ఒక్కటి లేదు.

"నీ కవరులో చుట్ట దీనికి తలకిందులు. నిప్పు బయట, పళ్ళు కొసన. ఎవరో మామ్మ చుట్ట ఒకటి ఎత్తుకొచ్చారు. కాలినట్టు కనబడాలని వెలిగించారు. రెండు చేతుల్లోనూ పనుంది, డబ్బా మూత తియ్యాలి, మందు చల్లాలి. చుట్టని పళ్ళ మధ్య పట్టుకున్నారు. చేతులు ఖాళీ లేనప్పుడు పళ్ళతో పట్టుకోవడం ఎవరికి అలవాటు? వల బాగుచేసేవాడికి. నైలాను దారం ఏళ్ళ తరబడి ఒకే పంటితో కొరికి కొరికి ఆ పన్ను అంచు నొక్కుపడుతుంది. ఈ నలగని గీత ఆ నొక్కే."

"వలలు అల్లీవోళ్ళందరికీ ఉంటాది ఆ నొక్కు," అంది గురువమ్మ. "మా ముసలోడికీ ఉండీది. నవ్వితే ముద్దొచ్చీవోడు."

ఆ మాటకి అబిగేలు నవ్వబోయి ఆగింది. తెరిచిన ఆ నోట్లో అంగుడి మీద తెల్లటి మచ్చ, దాని నడుమ ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. నానమ్మకీ ముందు అలాంటి మచ్చే వచ్చింది. పొగకి మామూలేలే అన్నారు అందరూ. నోరు తెరిపించి చూసినవాళ్ళు ఒక్కరు లేరు. చివరి రోజుల్లో ఆవిడకి గంజి కూడా దిగలేదు.

"ఇదయ్యాక టైటస్ దగ్గరికి వస్తున్నావు మామ్మా. అంగుడి మీద ఆ మచ్చ ఏమిటో చూడాలి."

"నీ మొగుడికి నా నోరు సూపించాలా? కొత్త పెళ్ళికొడుకు, జడుసుకుంటాడు!"

"జడుసుకోడు. ఫొటో తీసి నాకు పంపుతాడు. మామ్మా, బంగారురాజు మావయ్య గోళ్ళు ఎప్పుడైనా చూశావా? కింద ఎర్రగా ఏమైనా?"

"సూసినాను. పుల్ల గుచ్చుకున్నట్టు ఎర్రగీతలు. వల దారం కోసుకుందేమో అనుకున్నాను."

అబిగేలు ఫోను తీసింది. ఈ రెండు నెలల్లో రొయ్యలు వలుస్తూ, గిన్నెలు కడుగుతూ, దుప్పటి మడతపెడుతూ టైటస్ చెప్పిన పంటి కథలు ఇలా పనికొస్తాయని ఆమె అనుకోలేదు.

"టైటస్, బంగారురాజుగారు నీ పేషెంటే కదా?"

"అబీ! ఒక్క నిమిషం, గ్లౌజులున్నాయి... ఆ, చెప్పు. అవును. చిగురులో చీముగడ్డ, పన్ను తీసేశాను. ఎందుకు?"

ఆమె గబగబా చెప్పింది. సాయంత్రం జ్వరాలు, చెమటలు, ఆయాసం, గోళ్ళ కింద ఎర్రగీతలు. పడిపోవడం. పళ్ళ మీద నల్లగీత లేకపోవడం. చుట్ట మీద నొక్కుపన్ను గాటు.

 టైటస్ గొంతు మారిపోయింది. "అది విషం కాదు అబీ. ఆయనకి చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతింది. అలాంటివాళ్ళకి నోట్లో చీముంటే ఆ క్రిములు రక్తంలో పడి, వెళ్ళి ఆ కవాటం మీద గూడు కడతాయి. అక్కడినుంచి ముక్కలు విరిగి మెదడుకి వెళ్తే మనిషి ఇలాగే పడిపోతాడు. అందుకే పన్ను తీసేముందూ తీశాకా వేసుకోమని యాంటీబయాటిక్ ఇచ్చాను. మానితే ప్రాణం మీదికి వస్తుందని మరీమరీ చెప్పాను. మరి మాత్రలు వేసుకున్నవాడికి ఇలా ఎలా... సరే, ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేస్తా. రక్తం తీసి పరీక్షకి పెట్టి సరైన మందు ఎక్కిస్తే ఇప్పటికీ బతుకుతాడు. కుర్చీలో పేషెంటున్నాడు, ఉంటా."

"బతుకుతాడంట మామ్మా!"

గురువమ్మ రెండు చేతులూ సముద్రం వైపు ఎత్తింది. కానిస్టేబుల్ కూడా అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"చూడు దీదీ," మణికుమార్ గొంతు తగ్గింది కానీ పట్టు తగ్గలేదు. "రోగమే అయితే నేరమే లేదు. మరి ఎలకలమందు ఎందుకు?"

"నేరం ఉంది. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు, పనిచెయ్యలేదు. ఎందుకో అదే వెతుకుతున్నా."

ఆమె చాప ఎత్తింది. కింద ఏమీ లేదు. గోడవార వల బెండ్లు కుప్పపోసి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ పక్కకి జరిపింది. మూడో వరసలో, రెండు బెండ్ల సందున ఎర్రా పసుపూ గొట్టంమాత్ర ఒకటి ఇరుక్కుని ఉంది. బంగారురాజు పడిపోయినప్పుడు చేతిలోంచి జారి ఉంటుంది. టైటస్ క్లినిక్కులో మాత్రలు విడిగా కాగితం పొట్లంలో ఇస్తారు. ఈ రంగులు ఆమెకి బాగా తెలుసు.

రెండు సగాలూ మెల్లిగా లాగింది. తెల్లటి మందు రావాలి. అరచేతిలో నల్లటి పొడి రాలింది.

ముక్కు దగ్గర పెట్టుకుంది. లవంగం. మాడిన ఊక. ఉప్పు.

ఒక్క పీల్పులో ఆమె మళ్ళీ ఆరేళ్ళ పిల్ల అయిపోయింది. పెరటి మెట్టు మీద వరసగా కూర్చున్న పిల్లలు. చేపలబుట్ట దించి "సెయ్యి పట్టండే" అంటూ ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు పొడి పోసే గురువమ్మ. లోపల్నుంచి నానమ్మ పాడుకునే తెలుగు కీర్తన. నోటినిండా నలుపు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఇకిలింపులు. అంత మంచి వాసనని ఒక మనిషిని చంపడానికి వాడారు.

"ఆవిడ పొడే!" మణికుమార్ ఎగిరాడు. "ఇప్పుడు చెప్పు! రెండుసార్లు దొరికింది!"

"పొడి ఆవిడది. ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఉంది ఆ డబ్బా. మందు తీసేసి ఇది నింపారంటే, ఈ మాత్రలు లేకపోతే మనిషి పోతాడని తెలిసినవాడై ఉండాలి. ఆ సంగతి టైటస్ చెప్పినప్పుడు ఆ గదిలో ఉన్నవాడై ఉండాలి."

ఫెర్రీ కూత వినబడింది.

మణికుమార్ ముసలమ్మకి బేడీలు వెయ్యలేదు. అలాగని వదిలెయ్యనూ లేదు. "స్టేషన్‌కి రావాల్సిందే, సాక్షిగానో ఇంకోలాగో అక్కడ చూస్తా" అన్నాడు. నలుగురూ ఎక్కారు. ఫెర్రీ జెట్టీ వదిలి నీళ్ళ మధ్యకి వచ్చింది. ఎదుటి ఒడ్డున చాతం రంపపుమిల్లు కప్పులు కనబడుతున్నాయి.

"మామ్మా, ఆ మాత్రలు ఆయన తనే తీసుకుని మింగేవాడా?"

"ఎక్కడా? ఆడికి మతిమరుపు. పొట్లం శివాజీ కాడ ఉండీది. డాక్టరు కాడికి తీసుకెల్లిందీ ఆడే. పూటపూటా మరిసిపోకుండా గ్లాసుతో నీల్లట్టుకొచ్చి ఏసీవోడు. బంగారంలాంటి..." గురువమ్మ నోరు సగంలో ఆగిపోయింది.

మణికుమార్ రెయిలింగు పట్టుకున్నాడు. "స్టేషన్‌కి ఫోన్ చేసి పళ్ళపొడి డబ్బా చూడమన్నదీ శివాజీయే," అన్నాడు మెల్లిగా. "మామ పోతే బోటు అతనిది. డబ్బాలో ఎలకలమందు కనబడితే మాత్రల సంగతి ఎవరూ చూడరు, ముసలమ్మ జైలుకి పోతే అడిగేవాళ్ళు లేరు. కానీ దీదీ, అనుమానం చాలదు. ఆ గాటు అతని పంటిదేనని నిరూపించాలి."

ఫోను బుర్రుమంది. టైటస్ రెండో ఫొటో. 'తర్వాత.'

ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. మనసు గాభరాగా ఉన్నప్పుడు ఇష్టమైనది చూడాలనిపిస్తుంది, అంతే. రెండూ పక్కపక్కన వచ్చాయి. 'తర్వాత' ఫొటోలో ముందుపళ్ళు నున్నగా, ముత్యాల్లా ఉన్నాయి. 'ముందు' ఫొటోలో పైవరస ఎడమ పన్ను అంచున దారం పట్టేంత సన్నటి నొక్కు. కింద టైటస్ రాశాడు: 'అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చి బతిమాలాడు. ఎన్నో ఏళ్ళ నొక్కట. ఇవాళే పోవాలట. చూడు ఎలా చేశానో!'

ఆమె కవరులోని చుట్టని ఫొటో పక్కన పెట్టింది. మణికుమార్ వంగి చూశాడు. ఎడమ పన్ను. అంచున అదే చోట. 

"పంటి గాట్లు ల్యాబ్ తేల్చేస్తుందని నిన్న నేనే అన్నాను," అన్నాడు. "అతని మొహం మీదే అన్నాను."

ఆమె అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "టైటస్! ఇందాక నీ కుర్చీలో ఉన్న పేషెంటు ఎవరు?"

"శివాజీ. బంగారురాజుగారి మేనల్లుడు. చెప్పలేదూ?"

"నేను చెప్పినవి అతను విన్నాడా?"

"చేతులకి గ్లౌజులున్నాయని స్పీకర్లో పెట్టా కదా. నోరు తెరుచుకుని అలాగే పడుకుని అన్నీ విన్నాడు. పాపం, చెమటలు పట్టేశాయి. మావయ్య బతుకుతాడా డాక్టర్‌గారూ అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. తప్పకుండా బతుకుతాడన్నాను. నేనే స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకొచ్చా. ఇప్పుడే శుభవార్త అబీ, ఆయన కళ్ళు తెరుస్తున్నాడట! ఇంటివాళ్ళు ఎవరైనా లోపలికెళ్ళి పలకరించమన్నారు. శివాజీ పైకి వెళ్ళాడు."

అబిగేలు చుట్టూ చూసింది. అన్ని వైపులా నీళ్ళు. చాతం ఇంకా దూరంగానే ఉంది. పక్కన మణికుమార్ ఆసుపత్రి నంబరు నొక్కుతున్నాడు, ఎంగేజ్, మళ్ళీ నొక్కుతున్నాడు.

"టైటస్, మాత్రల్లో మందు తీసేసి బొగ్గుపొడి నింపింది అతనే. పరిగెత్తు. ఫోను పెట్టెయ్యకు."

 అటునుంచి బూట్లు మెట్లెక్కుతున్న చప్పుడు వచ్చింది. బీచిలో రెండడుగులు పరిగెత్తితేనే ఆగి నవ్వే మనిషి. రొప్పు, మలుపు, మళ్ళీ మెట్లు. గురువమ్మ వచ్చి అబిగేలు మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చేపలబుట్ట మోసిన చెయ్యి, చిటికెడు పొడి పోసిన చెయ్యి, ఇప్పుడు మంచులా ఉంది.

తలుపు తెరుచుకున్న చప్పుడు. యంత్రమేదో కీచుకీచుమంటోంది. తర్వాత టైటస్ గొంతు, క్లినిక్కులో ఉన్నంత నిదానంగా.

"శివాజీగారూ, ఆ దిండు అలా పక్కన పెట్టి ఒక్క నిమిషం ఇటు రండి. మీ ఫిల్లింగు ఇంకా ఆరలేదు. నోరు తెరవండి, చూస్తాను."

ఆ ఫిల్లింగు నీలం లైటు వెయ్యగానే గట్టిపడిపోతుందని అబిగేలుకి తెలుసు. పెళ్ళయ్యాక ఆమె విన్నంతలో టైటస్ ఆడిన మొదటి అబద్ధం అది.

 అవతల ఇనపస్టాండు నేల మీద పడింది. గాజుసీసా పగిలింది. ఫోను ఆగిపోయింది.